గుమ్మం ఒరిగిన వానాకాలం

ఆ ఏడు వానలు పట్టుకున్న కొత్తలోనే మా వీధితలుపు మూతపడటం మానేసింది. పై మూల గుమ్మానికి తగిలేది, కింది మూల గడప మీద కీచుమంటూ ఆగిపోయేది. భుజం ఆనించి తోస్తే తప్ప గడియ పడేది కాదు.

"తేమకి చెక్క ఉబ్బినట్టుంది అత్తయ్యా" అన్నాను.

"ఇన్నేళ్ల వానలకి ఉబ్బని చెక్క ఈ ఏడే ఎందుకు ఉబ్బింది?" అంది ఆవిడ, తలుపు వైపు కాకుండా మెట్ల కిందికి చూస్తూ.

మెట్ల కింద ఉన్నది ఆవిడ తమ్ముడి వడ్రంగి షెడ్డు. కొండవాలు మీద మా వీధిలో మాదే చివరి ఇల్లు. ఇంటి వెనక కొండ, ముందు మెట్లు, మెట్లు దిగితే షెడ్డు, షెడ్డు దాటితే రోడ్డు. ఆయన్నే నేను మామయ్యా అనేదాన్ని. ఆ షెడ్డులోనే పని చేసుకుని, అక్కడే ఓ మూల మంచం వేసుకుని పడుకునేవాడు.

అత్తయ్యకి మనుషుల్ని నమ్మడం చేతకాదు. పాలు పల్చగా ఉంటే ఎన్ని నీళ్లు కలిపాడో అనేది, చిక్కగా ఉంటే ఇంకేం కలిపాడో అనేది. మా ఆయన లారీ డ్రైవరు, వారం పది రోజులకి గాని ఇల్లు చేరడు. చేరగానే ఆవిడ ముందు కొడుకు మొహం చూసేది కాదు, చెప్పులకంటిన బురద ఏ రంగో చూసేది. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని స్కూలు యూనిఫాంలు కుట్టేదాన్ని. నా పీలికల సంచీ కూడా ఆవిడ అప్పుడప్పుడూ తిరగేసేది. కోపంతో కాదు. పడుకునేముందు గడియ చూసుకున్నట్టు, అలవాటుగా.

మామయ్య వచ్చి తలుపు ఊడదీసి, అంచు చిత్రిక పట్టి, మళ్లీ బిగించాడు. తలుపు వెన్నలా మూసుకుంది. వారం తిరక్కుండానే మళ్లీ పట్టేసింది. మళ్లీ వచ్చాడు, మళ్లీ గీశాడు. మూడోసారి వచ్చినప్పుడు చిత్రిక తీయలేదు. గుమ్మం పైనుంచి దారానికి సుత్తి కట్టి వేలాడదీసి చాలాసేపు చూశాడు.

"తలుపుది కాదక్కా తప్పు. గుమ్మం ఒరిగింది" అన్నాడు.

"గుమ్మం ఎందుకు ఒరుగుతుంది?"

"తెలీదు."

"నీకు తెలీదా?" అంది అత్తయ్య. ఆ మాటలో ప్రశ్న లేదు. పోయిన ఎండాకాలం మామయ్య కలప పేర్చుకోడానికి చోటు చాలక షెడ్డు వెనక కొండని నాలుగడుగులు తవ్వి లోపలికి జరిగాడు. ఆవిడ దాని గురించే అంటోందని ముగ్గురికీ తెలుసు. మామయ్య మాటల్లో మహా పిసినారి. సుత్తి విప్పుకుని సంచీలో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో ఒకటొకటే బయటపడ్డాయి. బల్ల మీద దారపు రీలు నిలబడేది కాదు, దొర్లుకుంటూ వెళ్లి ఎప్పుడూ వీధివైపే కింద పడేది. వంటగది గోడ మీద వెంట్రుకంత గీత కనబడింది. తర్వాత అందులో గోరు పట్టింది, ఆ తర్వాత వేలు పట్టింది. అత్తయ్య అందులో సుద్దముక్క దూర్చి చూసుకునేది, ఎవరో లోపలినుంచి తనవైపు చూస్తున్నారేమో అన్నట్టు.

ఓ మధ్యాహ్నం వాన తెరిపిచ్చినప్పుడు ఆవిడ గొడుగు పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్లింది. నేను మెట్ల మీద నిలబడ్డాను. ఆవిడ గొడుగు మొనతో తవ్విన గోడని పొడుస్తోంది. మామయ్య రంపం ఆపి చూస్తున్నాడు.

"ఇంకా ఎంత లోపలికి తవ్వావురా?"

"అప్పుడు తవ్విందే. తర్వాత ముట్టుకోలేదు."

"మరి ఈ తడి మట్టి కుప్ప ఎక్కడిది?"

"అదే రాలుతోంది. రోజూ ఎత్తి పోస్తున్నా." తర్వాత ఆయన కూడా ఊరుకోలేదు. "నీ వాడుకనీళ్లు ఎటు పోతున్నాయక్కా? నా వెనక గోడ చెమర్చి కారుతోంది. కావాలని ఇటు వదిలావా?"

"కావాలనా? నేనా?" అత్తయ్య గొంతు సన్నబడింది. ఆవిడ గొంతు పెరిగితే భయం లేదు, సన్నబడితేనే భయం. "నా కాళ్ల కింద నేల తవ్వి, నన్నే అంటావా? నేను పోతే ఇల్లు నీదవుతుందనేగా?"

ఆ రోజునుంచి అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. మామయ్యకి కంచం నేను పట్టుకెళ్లేదాన్ని. వచ్చాక అత్తయ్య అడిగేది, "ఏమన్నాడు?" అని. ఏమీ అనలేదంటే, "ఏమీ అనలేదా, నాకు చెప్పడం లేదా?" అనేది.

అనుమానం అంటుజబ్బు లాంటిది. నాకూ అంటుకుంది. కంచం తీసుకెళ్లినప్పుడు నేనూ ఆ తవ్విన గోడని ఓరగా చూసేదాన్ని, నిన్నటికన్నా లోతైందా అని. ఇంటికొచ్చి స్నానాలగది వెనక గుంట చూసేదాన్ని, అత్తయ్య నిజంగానే బిందెలకొద్దీ కుమ్మరిస్తోందా అని. మా ఆయన వచ్చినప్పుడు ఇదంతా చెబితే ఆయన తీరుబడిగా టీ తాగి, "నువ్వు ఎవరి పక్షం?" అని అడిగాడు. ఆ మాట అత్తయ్యదని నాకు వెంటనే తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే కొండ మీదికి ఒకావిడ రావడం మొదలుపెట్టింది. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు, వీపున సంచీ, చేతిలో సుత్తి. మా ఇంటి వెనక వాలు మీద ఎర్రరంగు పూసిన కర్రమేకులు అడ్డంగా వరసగా దిగ్గొట్టి వెళ్లింది. కాలేజీలో మట్టి గురించి పాఠాలు చెబుతుందట. వీధిలోవాళ్లు మట్టి మేడం అని పేరు పెట్టేశారు. రోడ్డు పడుతుందని ఒకరు, ఇళ్లు లాగేసుకుంటారని ఒకరు, కొండ ఎవరికో అమ్మేశారని ఒకరు చెప్పుకున్నారు.

"మేకులు కొట్టిందంటే కొలతలు తీసుకున్నట్టే" అంది అత్తయ్య. "కొలతలు తీసుకున్నారంటే మనల్ని తీసేస్తున్నట్టే. వాడే పిలిపించి ఉంటాడు."

నేను బట్టలు ఆరేసే తీగ దగ్గరనుంచి ఆ మేకుల వరస బాగా కనబడేది. కొట్టిన రోజు వరస సూటిగా ఉంది. టేపు పట్టి గీసినట్టు ఉంది. నా పనే సూటిగీతల పని కాబట్టి నా కళ్లు పొరబడవు. పదిరోజుల పెద్దవాన తర్వాత చూస్తే రెండు చివర్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి, మధ్య మేకులు మాత్రం కిందికి దిగాయి. పాత లంగా అంచు మధ్యలో సాగి వేలాడినట్టు, వరస మొత్తం మా ఇంటివైపు వంగింది.

అత్తయ్యని పిలిచి చూపించాను.

"ఆవిడే జరిపి ఉంటుంది" అంది అత్తయ్య.

"ఎందుకు జరుపుతుంది అత్తయ్యా?"

"మనల్ని భయపెట్టడానికి. భయపడ్డవాడు ఇల్లు తొందరగా ఖాళీ చేస్తాడు." నన్ను తలనుంచి పాదాలదాకా చూసింది. "నువ్వెందుకు ఇంత శ్రద్ధగా చూస్తున్నావు వాటిని?"

మర్నాడు పొద్దున్నే ఆవిడ కొంగు బిగించి పైకెక్కి, మేకులన్నీ పీకి, పొయ్యి పక్కన పడేసింది.

మట్టి మేడం వచ్చి చూసుకుంది. కేకలు వేస్తుందనుకున్నాను. బూట్లు గుమ్మం బయట విడిచి, లోపలికి రావచ్చా అని అడిగి, పీట మీద కూర్చుంది. పొయ్యి పక్కనున్న మేకులు చూసి కూడా చూడనట్టే ఊరుకుంది. గోడ పగులు మాత్రం కళ్లార్పకుండా చూసింది.

"ఎవరు పంపారు నిన్ను?" అంది అత్తయ్య.

"ఎవరూ పంపలేదండి. పైన చెట్లు చూసి వచ్చాను."

"చెట్లకేమైంది?"

"మొదళ్ల దగ్గర వంగి ఉన్నాయి, పైకి వెళ్లేకొద్దీ నిటారుగా లేచాయి. మొక్కలుగా ఉన్నప్పటినుంచీ కాళ్ల కింద మట్టి జారుతుంటే, మళ్లీ మళ్లీ లేచి నిలబడ్డాయన్నమాట." ఆవిడ కిటికీలోంచి కొండవైపు చెయ్యి చాపింది. "ఇప్పుడున్న మట్టంతా ఒకప్పుడు రాయేనండి. ఎండకి పగిలింది, వానకి నానింది, పగుళ్లలో వేళ్లు దూరి విడదీశాయి. వేల ఏళ్లు పట్టి పైపొర మట్టి అయింది. అడుగున రాయి రాయిగానే ఉంది. రెంటికీ మధ్య అటు రాయీ కాని, ఇటు మట్టీ కాని బంకపొర ఒకటుంది. నీళ్లు అక్కడిదాకా ఇంకితే అది సబ్బులా జారుతుంది."

"అంటే మా ఇల్లు సబ్బు మీద కట్టారంటావు."

"ఇల్లు మట్టి మీదే కట్టారు. మట్టి సబ్బు మీద కూర్చుంది."

నాకు నవ్వొచ్చింది గాని ఆపుకున్నాను. అత్తయ్య ముందుకి వంగింది. "ఇంతకీ కదిపిందెవరు? మా తమ్ముడు కింద తవ్వాడు."

"అదీ కొంత."

అత్తయ్య మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. నావైపు చూసింది, విన్నావా అన్నట్టు.

"మీ వాడుకనీళ్లు ఇంటి వెనకే ఇంకుతున్నాయి. అదీ కొంత" అంది మట్టి మేడం. "మిగతాదంతా కొండే. వాలు మీదున్న మట్టి ఎప్పుడూ కిందికే చూస్తుంది. ఎవరూ తొయ్యక్కర్లేదు. ఈ వానలు తగ్గేదాకా మీరు కింద స్కూల్లో ఉండండి. అది రాతి మీద ఉంది. పంచాయతీ ఆఫీసులో చెప్పాను, తాళం తీయించారు. వీధిలో మిగతా వాళ్లకీ చెబుతున్నాను."

"మేం వెళ్తే ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండకూడదనే చెబుతున్నానండి."

"అదీ సంగతి" అంది అత్తయ్య నావైపు తిరిగి.

వెళ్లేముందు మట్టి మేడం సంచీలోంచి సన్నటి గాజుపట్టీ తీసి, పగులుకి అడ్డంగా రెండు చివర్లా సిమెంటుతో అతికించింది. "గోడ కదలకపోతే ఇది ఇలాగే ఉంటుంది. కదిలితే విరుగుతుంది. విరిగితే మాత్రం ఆలోచించకండి" అంది.

"విరక్కొట్టడానికి ఎంతసేపు?" అంది అత్తయ్య ఆవిడ మెట్లు దిగాక. "నేనిటు వెళ్లగానే వాడొచ్చి సుత్తితో ఒక్కటేస్తాడు. లేకపోతే…" ఆ మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యకపోయినా అది నా గురించే.

సిమెంటు ఆరాక ఆవిడ కుర్చీ తెచ్చి వంటగదిలో గాజుపట్టీకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. కంచం కూడా అక్కడే పెట్టించుకుంది. వంటగది తలుపు తానే మూసి, గొళ్లెం పెట్టి, కిటికీ రెక్కలు కూడా బిగించింది. లోపల ఆవిడా, పొయ్యి ముందు నేనూ. నేను లేచి గరిటె కోసం వెళ్లినా ఆవిడ కళ్లు నా చేతుల మీదే ఉండేవి. బయట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

మర్నాటి మధ్యాహ్నం నేను పప్పు ఏరుకుంటున్నాను. ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఎవరూ గోడని తాకలేదు. టిక్కుమని చిన్న చప్పుడైంది. గోరు విరిగినంత చప్పుడు.

గాజుపట్టీ మధ్యకి రెండైంది.

అత్తయ్య గాజు వైపు చూసింది. గొళ్లెం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. నా చేతిలో చేట చూసింది. తర్వాత లేచి కుర్చీ ఎత్తి, గోడకి దూరంగా అవతలి మూలన వేసుకుని కూర్చుంది.

"గాజు నాసిరకం" అంది.

ఆ సాయంత్రం నేను కంచం తీసుకెళ్లినప్పుడు మామయ్యకి చెప్పాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు. తిన్నాక చేతులు కడుక్కుని మెట్లెక్కి వచ్చి, గుమ్మం బయటే నిలబడ్డాడు. వాళ్లు మాట్లాడుకోక చాలా రోజులైంది.

"అక్కా, స్కూలుకి పోదాం రా."

"నువ్వు పో."

"నువ్వొస్తే పోతా."

"నేను పోతే నువ్విక్కడికొస్తావు. తెలుసు నాకు."

మామయ్య కాసేపు గుమ్మాన్నే చూశాడు. అది అప్పటికి కంటికే తెలిసేంతగా ఒరిగింది. తర్వాత మెట్లు దిగిపోయాడు. నేనొక్కదాన్నీ వెళ్లిపోవచ్చు. కానీ నేను వెళ్తే ఆవిడ ఒక్కతే ఉంటుంది, పైగా మామయ్యా నేనూ కలిసిపోయామనుకుంటుంది. మా ఆయనకి ఫోను చేశాను. రెండు రోజుల్లో వస్తానన్నాడు.

మర్నాడు వాన ఆగలేదు, పెరగలేదు, ఒకే తీరుగా పడుతూనే ఉంది. పొద్దున మెట్ల పక్కనుంచి ఎప్పుడూ లేని ఊట పుట్టింది. ముందు తేటగా ఉంది. భోజనాలయ్యేసరికి ఎర్రబడింది. నేను ఆ ఎర్రనీళ్లు చూస్తూ వాకిట్లో నిలబడి ఉండగా మామయ్య పైకొచ్చాడు. చేతిలో సుత్తి ఒక్కటే ఉంది. నాతో మాట్లాడలేదు, లోపలికి తొంగిచూడలేదు. నేరుగా వీధితలుపు దగ్గరికెళ్లి మడతబందుల మేకులు కిందినుంచి పైకి ఠంగుఠంగుమని కొట్టాడు.

"ఎవరది? ఏం చేస్తున్నావురా?" అత్తయ్య లోపల్నుంచి వచ్చింది.

ఆయన వినిపించుకోలేదు. పై మేకు ఊడింది. తలుపు ఒక్క కుదుపుతో గుమ్మంలోంచి బయటపడింది. ఆయన సుత్తి అక్కడే వదిలేసి, తలుపుని వీపుకెత్తుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టి పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

"నా తలుపు! ఒరేయ్, నా తలుపు! అమ్మాయ్, చూశావా? పట్టపగలు, వాకిట్లోంచి తలుపు ఎత్తుకుపోతున్నాడు!"

ఆవిడ చెప్పులేసుకోలేదు. గొడుగు తీసుకోలేదు. వానలో తమ్ముడి వెనకే దిగింది. నేను ఆవిడ వెనక పరిగెత్తాను. మెట్లన్నీ జారుతున్నాయి. "దొంగా! ఆగు!" అని ఆవిడ అరుస్తుంటే వీధిలో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. మామయ్య ఆగలేదు. షెడ్డు ముందునుంచే వెళ్లాడు. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, ఉలులు, రంపాలు, బాడిస గోడకి వరసగా వేలాడుతున్నాయి. అటు తల కూడా తిప్పలేదు. రోడ్డు దాటాడు, మలుపు తిరిగాడు, స్కూలు వరండా ఎక్కి తలుపుని గోడకి ఆనించి నిలబెట్టాడు. అప్పుడు దాని పక్కనే చతికిలబడిపోయాడు.

అత్తయ్య వచ్చి తలుపు మీద రెండు చేతులూ వేసింది. రొప్పుతోంది. జుట్టంతా మొహానికి అంటుకుపోయింది.

"ఎత్తు. ఎత్తి తీసుకురా వెనక్కి."

"కాస్త ఊపిరి తీసుకోనీ అక్కా" అన్నాడు ఆయన.

ఆయన ఊపిరి తీసుకుంటుండగానే పాతబట్ట చింపినట్టు పొడుగ్గా ఒక చప్పుడైంది. మలుపు దగ్గరనుంచి మా వాలు కనబడుతుంది. చెట్లు పడిపోలేదు. నిలబడినవి నిలబడినట్టే కిందికి నడిచాయి. వాటి ముందు మా ఇల్లు, చాలా అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు, మెల్లగా ముందుకి కూర్చుంది. తర్వాత దాన్ని మట్టి కప్పేసింది. ఆ మట్టి షెడ్డు మీదుగా రోడ్డుదాకా వచ్చి ఆగిపోయింది. వీధిలో మిగతా ఇళ్లవాళ్లు అత్తయ్య కేకలకి అప్పటికే బయటికొచ్చి ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు.

వానచప్పుడు మళ్లీ వినిపించేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం.

స్కూలు గదిలో బెంచీలు పక్కకి లాగి మాకు చోటిచ్చారు. ఎవరో దుప్పట్లు తెచ్చారు. అత్తయ్య మామయ్య చేతుల్నే చూస్తూ కూర్చుంది. ఆయన చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. ఆ చేతుల్లో ఏ పనిముట్టూ లేకపోవడం నేను అదే మొదటిసారి చూడటం.

"నీ పనిముట్లేవిరా?" అంది చివరికి.

"షెడ్డులో."

"షెడ్డు ముందునుంచే వచ్చావుగా. ఒక్క నిమిషం ఆగితే సంచీ దొరికేది."

"ఆగితే నువ్వు అందుకునేదానివి. తలుపు లాక్కుని పైకి పోయేదానివి."

అత్తయ్య దుప్పటి మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

ఆవిడ ఆ రోజు నిజంగా తలుపు కోసమే పరిగెత్తిందా, గాజు విరిగినప్పుడే లోపల ఏదో తెలిసి, బయటపడటానికి ఒక సాకు దొరికిందా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. అడిగితే ఎందుకడుగుతున్నావంటుంది. మా ఆయన వచ్చి, మట్టి చూసి, తల్లి పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మేం కింద చదునునేల మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. మామయ్యని కూడా మాతోనే ఉండమన్నాం. ఎవరెవరో ఇచ్చిన అరువు పనిముట్లతో చిన్న చిన్న పనులు చేసేవాడు, గాని పరాయి ఉలి చేతికి ఇమడదనేవాడు.

వానలు వెనకపట్టాక ఓ రోజు అందరం చూడ్డానికి వెళ్లాం. పైన వాలు మీద మట్టి అంతా ఒలిచేసినట్టు పోయి, బూడిదరంగు రాయి నున్నగా బయటపడి ఉంది. మట్టి మేడం కొత్త మేకులు కొడుతోంది.

"ఇక్కడ మళ్లీ మట్టి ఎప్పటికి అవుతుంది?" అని అడిగాను.

"మొదలైంది" అందావిడ. రాతి మీద ఒకచోట పచ్చటి మరక చూపించింది, నాచు. "పూర్తవడం మాత్రం మనమెవరం చూడం."

కింద, రోడ్డు పక్కన, దిగివచ్చిన మట్టి ఎండి నెర్రెలిచ్చింది. మామయ్య షెడ్డు ఉండాల్సిన చోటు అంచనా కట్టుకుని పారతో తవ్వుతున్నాడు. చాలాసేపు తవ్వాడు. ఏమీ రాలేదు. మేం వెళ్దామన్నా ఇంకాస్త అన్నాడు. అత్తయ్య రోడ్డు మీద నిలబడి చూస్తోంది. చూసి చూసి చెప్పులు విడిచింది, కొంగు నడుముకి దోపుకుని మట్టిలోకి దిగింది. ఆయన పక్కన గొంతుక్కూర్చుని రెండు చేతులతో గడ్డలు పెళ్లగించడం మొదలుపెట్టింది.

"నువ్వెందుకక్కా ఈ ఎండలో? చేతులు కోసుకుంటావు."

"నువ్వొక్కడివే తవ్వుకుంటే ఏం దొరికిందో నాకెలా తెలుస్తుందిరా?" అంది ఆవిడ, తలెత్తకుండా.

మామయ్య పార ఆపి ఆవిడవైపు చూశాడు. తర్వాత కొంచెం పక్కకి జరిగి ఆవిడకి చోటిచ్చాడు.